ఆరంభమును పలికే మాటలు: సిద్ధం మొదలు శంకుస్థాపన వరకు



మన తుళ్లూరు మండలములో పదేళ్ల వ్యవధిలో ఒకే నగరమునకు మూడు ఆరంభములు జరిగినవి. 2015 జూన్ 6వ తేదీన మందడం పొలములలో భూమిపూజ జరిగినది. అదే సంవత్సరము అక్టోబరు 22న, విజయదశమినాడు, ఉద్దండరాయునిపాలెములో శంకుస్థాపన జరిగినది. 2025 మే 2న వెలగపూడిలో పునఃప్రారంభము జరిగినది. కార్యము ఒక్కటే, పేర్లు మూడు. ఈ మూడు మాటలను మనము పత్రికలలో చదివినాము, సభలలో విన్నాము, శిలాఫలకముల మీద చూచినాము. అయితే శంకువు అనగానేమి, ఆరంభము అనగానేమి, ఒకసారి ఆరంభమైనది మరల ఆరంభమగుట అనగా అర్థమేమి అని నిలిచి ఆలోచించినవారు తక్కువ. పొలము ఇచ్చినవారికి మాత్రము ఈ ఆలోచన తప్పలేదు. వారి యింట ఈ మాటలు నిఘంటువులోని మాటలు కావు.

ఆంధ్రులు ఆరంభశూరులు అన్న నింద ఒకటి మనకు చాలాకాలముగా ఉన్నది. ఆ నింద నిజమో కాదో తేల్చవలెనన్నను ముందుగా ఆరంభమును చెప్పే మాటలు ఎక్కడినుండి వచ్చినవో, పూర్వులు వాటిని ఏ అర్థములో వాడినారో తెలియవలెను. అందుకు దూరము పోనక్కరలేదు. తుళ్లూరుకు పడమట, కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి రాళ్లనుండే మొదలుపెట్టవచ్చును.

అమరావతిలో అమరేశ్వరస్వామి ఆలయమునకు అనతిదూరములో ఉన్న దిబ్బను ఒకప్పుడు ఊరివారు దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతి పట్టణమును నిర్మించుచుండగా ఆ దిబ్బలోనుండి చెక్కడపు రాళ్లు బయటపడినవి. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి వాటిని చూచినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించినాడు. ఆ రాళ్లలో కొన్ని సున్నపు బట్టీల పాలైనవి, కొన్ని గోడలలో కలిసినవి. మిగిలినవానిలో పెక్కు నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను ఉన్నవి. వాటిమీది శాసనములు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో ఉన్నవి. చాలా చిన్నవి. ఫలానివారు, ఫలాని బంధువులతో కూడి, ఫలాని వస్తువును దానము చేసినారు అన్నంతవరకే. అయితే వాటిలో కొన్నింటి తలమీద ఒక చిన్న మాట ఉన్నది. అది 'సిధం'. సంస్కృతములో 'సిద్ధం'.

సిద్ధం అనగా నెరవేరినది, పూర్తియైనది. శాసనము ఇంకా మొదలు కానేలేదు. దాత పేరైనా రాలేదు. అప్పుడే 'నెరవేరినది' అనుట! మొదట చూచినప్పుడు మాకు ఇది వింతగానే తోచినది. శాతవాహనుల నాసిక శాసనములలోను ఇదే పద్ధతి ఉన్నది. కాబట్టి ఇది ఒక శిల్పి అలవాటు కాదు. ఆ కాలపు మర్యాద.

ఈ మర్యాదకు వివరణ వ్యాకరణశాస్త్రములో దొరుకుచున్నది. పాణిని సూత్రములకు కాత్యాయనుడు వ్రాసిన వార్తికములలో మొట్టమొదటిది 'సిద్ధ' శబ్దముతోనే ప్రారంభమవుతున్నది. మహాభాష్యకర్త పతంజలి దీనిమీద ఒక ప్రశ్న వేసినాడు. ఇక్కడ చెప్పదలచిన అర్థము నిత్యము, శాశ్వతము అని గదా. అట్లయిన 'నిత్య' అన్న స్పష్టమైన మాటను వదలి, రెండు మూడు అర్థములకు చోటిచ్చే 'సిద్ధ' అన్న మాటను ఎందుకు వేసినట్లు? దానికి ఆయనే సమాధానము చెప్పినాడు: ఆచార్యుడు మంగళమును కోరినవాడు, గ్రంథము వ్యాపించవలెనని, చదువుకొనేవారి ప్రయోజనము సిద్ధించవలెనని ఆ మాటను మొదట నిలిపినాడు. అనగా ఆరంభమున పలుకదగిన మాట 'ఆరంభిస్తున్నాము' అన్నది కాదు. ముగింపును పేర్కొనే మాట. దారి తొక్కేముందు చేరవలసిన ఊరి పేరు చెప్పుట వంటిది.

ఈ సిద్ధం అన్న మాట రాళ్లమీదనే నిలిచిపోలేదు. ఏడవ శతాబ్దపు చివర భారతదేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు ఆరవయేట అక్షరములు మొదలుపెట్టుదురని, ఆ మొదటి పాఠమునకు సిద్ధమన్న పేరే ఉన్నదని, ఆరు నెలలలో దానిని ముగింతురని వ్రాసిపెట్టినాడు. ఆయనకు కొన్ని దశాబ్దములకు ముందు హ్యూయన్‌త్సాంగ్ మన ధాన్యకటకమునకే వచ్చి కొంతకాలము ఉన్నాడు. బౌద్ధముతో కూడి ఆ లిపి చైనాకు, అటనుండి జపానుకు పోయినది. జపానులో షింగోన్ శాఖవారు నేటికీ మంత్రాక్షరములను వ్రాసే ఆ లిపిని 'షిత్తన్' అంటారు. అది మన సిద్ధమే.

ఇక మన యింటిలో? అక్షరాభ్యాసమునాడు బియ్యములో పిల్లవాని వేలు పట్టి పెద్దలు దిద్దించే మాట ఏది? 'ఓం నమః శివాయ, సిద్ధం నమః.' మొదటి అక్షరములు 'ఓ', 'న', 'మ' కనుక దానికి ఓనమాలు అని పేరు వచ్చినది. ఓనమాలు రావు అంటే ఏమీ తెలియదు అని అర్థము. మనము ముందుభాగమునే పట్టుకొని వెనుకభాగమును మరచిపోయినాము. కాని అమరావతి రాతి తలమీద ఉన్న మాటయే పందొమ్మిది ఇరవై శతాబ్దముల తరువాత కూడ మన పల్లెలలో పలకమీద ఉన్నది. బౌద్ధుల మాట, జైనుల మాట, శైవుల మాట అన్న భేదము దానికి తగులలేదు. శివనామము ముందు చేరినది. సిద్ధం వెనుక నిలిచినది. ఇట్టి సర్దుబాటు మన నేలకు కొత్త కాదు.

అమరావతి స్తూపమునకు దానమిచ్చినవారిలో విధికుడు అనే చర్మకారుడు ఒకడు. ఆయన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరితో కూడి ఆయన ఇచ్చిన దానము ఒక పూర్ణఘటఫలకము; అనగా నిండుకుండను చెక్కిన రాయి. రాజుల పేర్లెన్నో చెరిగిపోయినచోట ఈ పేరు మిగిలినది. నిండుకుండ కూడ సిద్ధం వంటిదే. శుభకార్యము ఆరంభములో ఖాళీకుండను ఎవ్వరూ ఎదురు తీసుకొనిరారు. పూర్ణఘటము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నములో ఉన్న సంగతి మనకందరకు తెలిసినదే.

సిద్ధం తరువాత చెప్పుకొనవలసిన మాట 'అథ'. బ్రహ్మసూత్రములు, యోగసూత్రములు, మహాభాష్యము, అన్నియు ఈ మాటతోనే మొదలు. అథ అంటే ఇక మొదలు అని సామాన్యముగా చెప్పుకొంటాము. యోగసూత్రములలో వ్యాసభాష్యము ఆ అర్థమునే చెప్పినది. కాని బ్రహ్మసూత్రములకు వచ్చేసరికి శంకరభగవత్పాదులు ఒప్పుకొనలేదు. ఇక్కడ అథ శబ్దమునకు ఆరంభము అర్థము కాదు, 'తరువాత' అని అర్థము అన్నారు. వివేకము, వైరాగ్యము, శమదమాదులు, ముముక్షుత్వము కలిగిన తరువాత బ్రహ్మవిచారము. మరి మంగళము మాటో? అది ఆ శబ్దము చెవిని పడుటతోనే కలుగుతుంది. అర్థముతో పనిలేదు అన్నారు. వినుటకు చిన్న తగవువలె ఉన్నది గాని, ఇందులో పెద్ద సంగతి ఉన్నది. శూన్యమునుండి ఆరంభము లేదు. ప్రతి ఆరంభమునకు ముందు ఒక సిద్ధత ఉండవలెను. పై రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూచినచో మన పూర్వులు ఆరంభమును ఎప్పుడూ ఒంటరిగా చూడలేదని తెలుస్తున్నది. సిద్ధం దానిని ముందున్న ఫలముతో ముడివేసినది; అథ దానిని వెనుకనున్న అర్హతతో ముడివేసినది.

తెలుగువారి 'శ్రీకారము చుట్టుట' వీటి తరువాతిది. ఉత్తరమునకు, పద్దుపుస్తకమునకు, పెండ్లిపత్రికకు తలమీద శ్రీ వ్రాయుట మన ఆచారము. మంచిదే, కాని దానిని చుట్టుట ఎందుకు? పాత వ్రాతలో శకారమునకు క్రారవడి అడుగునుండి బయలుదేరి ఎడమవైపుగా పైకిపోయి అక్షరమును చుట్టివేస్తుంది. ఘంటము పట్టినవానికి అది నిజముగా చుట్టుటయే. ఈ పలుకుబడి అక్కడ పుట్టినదని మా భావన. నన్నయభట్టు భారతములో తొలి పద్యము శ్రీకారముతోనే మొదలయినది. ఆ పద్యము సంస్కృతములో ఉన్నదన్నది వేరే మాట.

నన్నయను ఆదికవి అంటున్నాము. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడైన తరువాతి మాట అది. కాని అంతకు పూర్వమే, 848 నాటి అద్దంకి శాసనములో తరువోజ పద్యము ఉన్నది. కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రకటించిన శాసనమది. చాళుక్య సేనాని పండరంగని దానము గురించినది. అప్పటికే ఛందస్సు నడక అంత తీరుగా ఉన్నదంటే దానికి వెనుక ఎన్ని నోళ్లు పాడియుండవలెను! పద్యము విడిచి వచనమునకు వచ్చినచో కడపసీమలోని కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనములు ఆరవ శతాబ్దము చివరిపాదమునాటివి. అంతకంటె వెనుకకు పోయి, ఒక్క మాటనైనా చూపుమన్నచో, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అమరావతి స్తూపపు రాతిమీదనే 'నాగబు' అన్న మాటను చూపి, ఇది తెలుగుమాట అన్నారు. మన పక్కనున్న దిబ్బలోనే సిద్ధం దొరికినది, నాగబు కూడ దొరికినది. దానిమీద పండితులలో వాదములున్నవి, ఉండనిండు. ఆది అన్న మాటకు మన భాషలో ఇంత సాగే గుణమున్నదని గ్రహించుట చాలును. ఆదికవి అనగా అంతకు ముందు కవిత లేదని అర్థము కాదు. తరువాతివారు ఎవరినుండి లెక్క పెట్టుకొన్నారో ఆయన ఆది.

ఉగాది సంగతియు ఇంతే. యుగమునకు ఆది యుగాది. కాని పురాణములలో యుగాదులని చెప్పిన తిథులు నాలుగు: వైశాఖ శుద్ధ తదియ, కార్తిక శుద్ధ నవమి, భాద్రపద బహుళ త్రయోదశి, మాఘ అమావాస్య. చైత్ర శుద్ధ పాడ్యమి వాటిలో లేదు! అది సంవత్సరాది. మనవారు ఏడాదికి మొదటి దినమునకు యుగమునకు తగిన గౌరవమిచ్చి ఉగాది అన్నారు. తొలి ఏకాదశి ఇంకను చిత్రము. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు స్వామి శయనిస్తాడు. దేవుడు నిద్రకుపక్రమించే దినమును మనము 'తొలి' అన్నాము. రైతుకు అప్పుడే పనులు తొలి గనుక అన్నామేమో!

శాస్త్రము నుండి చేనికి వద్దాము. ఇక్కడ మాటలు వేరు. 'మొదలు' అచ్చమైన ద్రావిడపదము. తమిళములో ముదల్, కన్నడములో మొదలు. దానికి మూడు అర్థములు. చెట్టు మొదలు అంటే నేలను అంటియున్న కాండము, వేరు పట్టిన చోటు. పని మొదలు అంటే ఆరంభము. వ్యాపారములో మొదలు అంటే పెట్టుబడి, అసలు. 'లాభము దేవుడెరుగు, మొదలుకే మోసము వచ్చింది' అంటాము. ఒక్క మాటలో చెట్టు, పని, సొమ్ము మూడూ ఉన్నవి. సంస్కృతములోని ఆరంభ శబ్దమునకు ఈ బరువు లేదు. ఆరంభము ఒక క్షణము. మొదలు ఒక వస్తువు. ఆరంభము జరిగిపోతుంది, మొదలు ఉండవలెను, తరువాతిది దానిమీద పెరుగవలెను.

'తొలకరి' ఆకాశము చేసే ఆరంభము. 'ఏరువాక' మనిషి చేసే ఆరంభము. ఏరు అంటే ఎద్దులు కట్టిన నాగలి. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పసుపు కుంకుమ పెట్టి చాలు తోలుట ఏరువాక. ఇది ఎంత పాతదో తెలుసుకొనుటకు హాలుని గాథాసప్తశతిని చూడవలెను. అందులో ఒక గాథలో ప్రత్తిచేను దున్నే పుణ్యాహమునాడు స్త్రీ నాగలికి మంగళము చేసిన ప్రస్తావన ఉన్నది. ఆ గాథలోని శృంగారము మనకిక్కడ అక్కరలేదు. ప్రత్తి, పుణ్యాహము, నాగలి అన్న మూడు మాటలు చాలును. శాతవాహనులనాడే ప్రత్తిచేనికి ముహూర్తము పెట్టి నాగలిని పూజించినారన్నమాట. నల్లరేగడిలో ప్రత్తి, మిరప పండించే మన ప్రాంతపు రైతు ఏ గ్రంథము చూడకుండనే దానిని చేస్తూ వచ్చినాడు.

'బోణి' ఉత్తరాదినుండి వచ్చిన మాట. అంగడిలో పొద్దుటి తొలి బేరము. 'పునాది' పారశీకపు బున్యాద్. ఇంటి ఆరంభమునకు మనము వాడే మాట విదేశమునుండి వచ్చినదని ఎవ్వరూ దుఃఖపడనక్కరలేదు; పునాది గట్టిగా ఉన్నంతవరకు మాట ఎక్కడిదైననేమి?

ఇప్పుడు శంకుస్థాపన. ఈ మాట విన్నంతనే మన కంటికి రాయి కనబడుతుంది. పేర్లు చెక్కిన చలువరాయి, దానిమీద తెర, తెరకు తాడు. కాని శంకువు రాయి కాదు. అది కొయ్యమేకు. మానసారమన్న వాస్తుగ్రంథములో ఒక అధ్యాయమునకే శంకుస్థాపనమని పేరు. దాని విధానము ఇది. నేలను నీటిమట్టమునకు చదును చేయవలెను. నడుమ శంకువును నిటారుగా నిలుపవలెను. సామాన్యముగా పన్నెండు అంగుళముల శంకువు చాలును. దానిచుట్టు ఒక వృత్తము గీయవలెను. ఉదయము శంకువు నీడ పొడవుగా పడమటికి పడుతుంది. పొద్దెక్కినకొద్దీ నీడ కురుచనై, దాని కొన వృత్తమును ఒకచోట తాకి లోపలికి వస్తుంది. అక్కడ గురుతు పెట్టవలెను. మధ్యాహ్నము దాటిన తరువాత నీడ తూర్పునకు తిరిగి, పెరిగి, మరల వృత్తమును తాకి బయటికి పోతుంది. అక్కడ రెండవ గురుతు. రెండు గురుతులను కలిపిన గీత తూర్పు పడమరల గీత. దానినిబట్టి ఉత్తర దక్షిణములు. దిక్సూచి లేని కాలములో ఇంతకంటె నిక్కమైన పద్ధతి లేదు. కనుక శంకుస్థాపన అనగా దిక్కు తెలుసుకొనుట. ఒక పగలంతా ఎండలో కూర్చుండి నీడను కనిపెట్టియుండుట. అది పది నిమిషములలో ముగిసే పని కాదు. తొందరపడినవానికి ఒక్క గురుతే దొరుకుతుంది, ఒక్క గురుతుతో గీత రాదు. రాయి వేయుటకు వేరే మాట ఉన్నది, శిలాన్యాసము. ఆలయములకు తొలి ఇటుకను పెట్టుటను ప్రథమేష్టకాన్యాసమంటారు. మాటలు కలిసిపోయినవి, శంకువు పోయి పేరు మాత్రము రాతికి మిగిలినది.

ఆగమములలో ఆలయమునకు శంకువుకంటెను, రాయికంటెను ముందు జరుగవలసినది ఒకటి ఉన్నది. అది కర్షణము, అనగా దున్నుట. ఆలయము కట్టదలచిన నేలను ఎద్దులతో దున్ని, విత్తనములు చల్లి, పైరు మొలచి పెరిగినపిదప దానిని గోవులచేత మేపించవలెను. ఆ నేల జీవమున్నదని అప్పుడు రుజువైనట్లు. ఆగమపండితులు ఆలయకార్యములనన్నింటిని కలిపి 'కర్షణాది ప్రతిష్ఠాంతము' అంటారు. దున్నుట మొదలు, విగ్రహప్రతిష్ఠ తుద. చూచినారా! ఏరువాకకు, ఆగమమునకు ఎంత దగ్గర! రైతు చేసేది, ఆచార్యుడు చేయించేది ఒకే పని.

ఉత్సవములకు అంకురార్పణము కూడ ఇటువంటిదే. బ్రహ్మోత్సవములకు ముందటి రాత్రి మట్టి తెచ్చి, పాలికలలో పోసి, నవధాన్యములు చల్లి, నీరు పోస్తారు. ఓషధులకు అధిపతి చంద్రుడు గనుక రాత్రివేళ చేస్తారు. నేడు పత్రికలవారు ప్రతి పథకమునకు అంకురార్పణ అని వ్రాస్తున్నారు. మొలక రావలెను అన్న షరతు ఆ మాటలోనే ఉన్నది. మొలక లేని అంకురార్పణము లేదు.

2015 అక్టోబరులో శంకుస్థాపనకు ముందు ఊరూరినుండి మట్టిని, నీటిని సేకరించి ఉద్దండరాయునిపాలెమునకు తెచ్చినారు. పార్లమెంటు ప్రాంగణపు మట్టి, యమునానది నీరు కూడ వచ్చినవి. దానిని రూపొందించినవారు ఆగమమును తలచినారో లేదో గాని, అది మృత్సంగ్రహణమునకు చాల దగ్గరగా ఉన్నది. ఎన్నో గ్రామముల మట్టి ఒకచోట కలియుట అపురూపమైన దృశ్యమే. కాని ఆ ముహూర్తమునకు ముందు జరిగిన దానము ఇంకను పెద్దది. 2015 జనవరి 1న భూసమీకరణ నియమములు వెలువడినవి. 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని అప్పగించినారు. ఎకరా మెట్టకు ఏటా 30,000 రూపాయలు, జరీబుకు 50,000 రూపాయలు, ఏటికి పదిశాతము పెరుగుచు పదేళ్లు ఇచ్చుటకు ఒప్పందము. దానిపైని అభివృద్ధి చేసిన స్థలములు. ఆ ఏటేటా వచ్చే సొమ్మును ఊళ్లలో కౌలు అనే పిలిచినారు. తన పొలమునకు తానే కౌలు పుచ్చుకొనే రైతు! మొదలు అన్న మాటకున్న మూడర్థములను ఇక్కడ తలచుకొనవలెను. వారు ఇచ్చినది చెట్టు మొదలును, సొమ్ము మొదలును. దానికి బదులు తీసుకొన్నది ఒక ఆరంభము.

తరువాతి కథ తెలిసినదే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చినది. పనులు అంతకుముందే నిలిచినవి. మరుసటి దినమునుండి తుళ్లూరు, మందడం శిబిరములలో రైతులు, ముఖ్యముగా స్త్రీలు, కూర్చున్నారు. నాలుగేండ్లకు పైగా కూర్చున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్న రాజకీయ విచారణ ఈ ప్రసంగమునకు చేరినది కాదు. మాటల విచారణ మాత్రము చేరినది. ఆ కాలములో ఈ ఊళ్లలో తరచుగా వినబడిన మాట 'మా ప్రారబ్ధము' అన్నది. ఆ మాట పలికినవారికి తెలియకుండనే వారు శాస్త్రమును పలికినారు.

ఎట్లన, ఆరంభము, ప్రారంభము, ప్రారబ్ధము మూడింటికి ధాతువు ఒక్కటే: రభ్. ఆఙ్ ఉపసర్గతో కూడినప్పుడు దానికి పట్టుకొనుట అని పాత అర్థము. ఆరంభించుట అనగా చేతబట్టుట. ఇదే ధాతువునుండి 'రభస' కూడ వచ్చినది. వేగము, తొందర అని దాని అర్థము, తెలుగులో గొడవ అని స్థిరపడినది. ఆరంభమునకు రభస తోబుట్టువు అని చెప్పినచో మన సభలను చూచినవారు ఎవ్వరూ కాదనరు! ఇక ప్రారబ్ధము అంటే 'ఆరంభింపబడినది' అని మాత్రమే. వేదాంతములో దానికి కచ్చితమైన అర్థమున్నది. సంచితకర్మ జ్ఞానముచేత నశిస్తుంది, ఆగామి అంటదు, కాని ఫలమిచ్చుటకు ఆరంభమైన కర్మ మాత్రము జ్ఞానికైనను అనుభవముచేతనే తీరవలెను. వింటినుండి విడిచిన బాణమువంటిది అది. అనగా ఆరంభమునకు మరలుట లేదు. వదలిపెట్టినంతమాత్రమున అది ఆరంభము కానట్లు కాదు. ఎవరో ఒకరు దానిని అనుభవించుచునే ఉంటారు.

ఇప్పుడు ఆరంభశూరుల నిందకు వద్దాము. సంస్కృతములోని పాత నానుడి దాక్షిణాత్యులనందరిని ఆరంభశూరులన్నది. ఆంధ్రులు దానిని ఉదారముగా తమ ఒక్కరికే ఉంచుకొన్నారు. భర్తృహరి సుభాషితములలో కార్యారంభమునుబట్టి మనుష్యులను మూడు తరగతులుగా విభజించిన శ్లోకమున్నది. ఏనుగు లక్ష్మణకవి దానిని తెనిగించినాడు. విఘ్నభయముతో ముట్టనివారు అధములు, విఘ్నము తగిలినంతనే ఆగినవారు మధ్యములు, ఎన్ని తగిలినను విడువనివారు ఉత్తములు. గమనించవలసినదేమనగా, ఆరంభశూరుడు ఆ లెక్కలో మధ్యముడే గాని అధముడు కాడు. ఆరంభింపనివాడే అధముడు. పంచతంత్రకారుడు మాత్రము దీనికి ఒప్పుకొనడు. పని మొదలుపెట్టకుండుట తెలివికి మొదటి గురుతు, మొదలుపెట్టినదానిని తుదముట్టించుట రెండవ గురుతు అంటాడు. మా మట్టుకు ఈ ఇద్దరిలో భర్తృహరియే పెద్దవాడు. పంచతంత్రము వ్యవహారము నేర్పే గ్రంథము. అందులో నష్టపడకుండుట ముఖ్యము. కాని తుళ్లూరు విషయములో ఈ రెండు కొలతలును చాలవు. ఇక్కడ ఆరంభించినవారు ఒకరు, ఆపినవారు ఒకరు, ఆ నడుమ కాలమును అనుభవించినవారు వేరొకరు. శ్లోకములో కర్త ఒక్కడే. అధమ మధ్యమోత్తమ విభాగము ఒక మనిషికి సరిపోతుంది. చేతులు మారిన కార్యమునకు ఎట్లు సరిపోతుంది? ఆరంభశూరులన్న నిందను ఆంధ్రులందరిమీద వేయుట తేలిక. డెబ్బదియేండ్ల వృద్ధురాలు ఎండలో శిబిరములో కూర్చుండి, ఇచ్చిన మాట నిలుపుడని అడిగినప్పుడు ఆమె ఏ తరగతి? ఆరంభించినది ఆమె కాదు. విడువనిది మాత్రము ఆమెయే.

ఆగమములవారు ఈ చిక్కును ముందే ఊహించినట్లున్నది. కర్షణము మొదలు ప్రతిష్ఠ వరకు ఆచార్యత్వము ఒకే పరంపరలో నడువవలెనని నియమము పెట్టినారు. అతడు లేనిచో కొడుకో, శిష్యుడో. అదియును కానిచో మొదటివాడు గీచిన గీతను ఎరిగినవాడు. శంకువు నీడతో గీచిన తూర్పుపడమరల గీత నేలమీద ఉండగా, రెండవవాడు వచ్చి వేరొక శంకువు పాతరాదు. మీమాంసకులు గ్రంథముల విషయములో ఇదే చెప్పినారు. ఒక ప్రకరణమునకు తాత్పర్యమేమో తెలియవలెనన్నచో ఉపక్రమమును, ఉపసంహారమును కలిపి చూడుమన్నారు. క్రమము అంటే అడుగు. ఉపక్రమము అంటే దగ్గరకు వేసిన అడుగు. మొదటి అడుగు ఎటు పడినదో చివరి అడుగు అటే పడవలెను.

'పునఃప్రారంభము' అన్న మాట పాత శాస్త్రములలో ఇంత ప్రసిద్ధముగా మాకు కనబడలేదు. ఆగిపోయిన గుడికి జీర్ణోద్ధారణమన్నారు, చెదరిన విగ్రహమునకు పునఃప్రతిష్ఠ అన్నారు. ఆరంభమును మరల ఆరంభించుట మన కాలము చేర్చిన మాట. 2025 మే 2 నాటి సభకు ముందటి యేడు, 2024లో, ఇక్కడి నేలమీద మొదట జరిగిన పని ఏమిటో చూచినవారికి గురుతుండును. కట్టడముల చుట్టు, వేసి వదలిన రోడ్ల వెంట, ఇచ్చిన ప్లాట్ల సరిహద్దు రాళ్లమీదుగా తుమ్మలు, ముళ్లకంపలు మనిషెత్తుకు మించి పెరిగియున్నవి. యంత్రములు వచ్చి వాటిని మొదలంటా పెకలించినవి. కంప తీసినచోట అడుగున నల్లరేగడి కనబడినది. పూర్వము ప్రత్తిచాళ్లు తోలిన నేలయే అది. తన పొలము ఫలానిచోట ఉండెనని చూపుటకు వచ్చిన పెద్దలు, గట్లు లేవు గనుక, దూరమున ఉన్న వేపచెట్టును, చెరువుకట్టను ఆనవాలు పట్టి, అడుగులు లెక్కపెట్టుకొనుచు నడచినారు.